టెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో గైడ్‌ని వెతుక్కునేటప్పుడు ప్రొఫెసర్ల ప్రొఫైల్ ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బెంగళూరులో ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకరు టెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేద్దామని బెంగళూరు, చెన్నైల్లోని విభాగాల ఫ్యాకల్టీ పేజీలన్నీ తిరగేశారట. ఒకరు మెకానికల్ ఇంజినీరు, ఒకరు ఎకనామిక్స్, ఒకరు ఫిజిక్స్ ఎమ్మెస్సీ, ఇంకొకరు సైకాలజీ. "వీళ్లలో అసలు టెక్నాలజీ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు ఎవరండీ? ఒకే కంపెనీలో కొన్ని టీములు కొత్త టూల్ రాగానే పట్టుకుంటాయి, కొన్ని ఏళ్ల తరబడి పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి, అదెందుకో చూడాలని నా ఆసక్తి. ఎవరి దగ్గర చేరాలి?" అని అడిగారు.

ముందుగా ఒక మాట. మీరు చూసిన ఆ కలగాపులగం ఏదో పొరపాటు అనుకోకండి, ఈ రంగం పుట్టిందే అలా. నేను బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషీన్ టూల్స్ కంపెనీలో తొమ్మిదేళ్లు డిజైన్ పని చేసి, ముప్పై నాలుగో ఏట పీహెచ్‌డీలో చేరాను, ఇప్పుడు పన్నెండేళ్లుగా బెంగళూరులోనే పాఠాలు చెప్తున్నాను. నా తోటి ప్రొఫెసర్లలో "టెక్నాలజీ మేనేజ్‌మెంట్" అన్న పేరుతో డిగ్రీ ఉన్నవాళ్లు చాలా తక్కువ.

ఈ రంగంలో ప్రపంచమంతా చదివే పరిశోధకుల పేర్లే తీసుకోండి. ఎరిక్ వాన్ హిప్పెల్ డిగ్రీలో ఎకనామిక్స్, మాస్టర్స్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. మైకేల్ టష్‌మన్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. రెబెకా హెండర్సన్ ఎంఐటీలో మెకానికల్ చదివి హార్వర్డ్‌లో బిజినెస్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్ చేశారు. ఎవరెట్ రోజర్స్ ది గ్రామీణ సోషియాలజీ. మన దగ్గర ఐఐఎం బెంగళూరు డైరెక్టరుగా పనిచేసిన రిషికేశ కృష్ణన్ చదువు చూడండి, ఐఐటీ కాన్పూరులో ఫిజిక్స్, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ ఎకనామిక్ సిస్టమ్స్, ఆపైన ఐఐఎం అహ్మదాబాద్‌లో డాక్టరేట్, ఆ తర్వాత జీవితమంతా మన దేశపు ఇన్నొవేషన్ మీదే పని. కాబట్టి ఎవరు "అసలు" ఈ సబ్జెక్టు వాళ్లు అని వెతికితే ఎవరూ దొరకరు. మీరు చూడాల్సింది, ఆ మొదటి చదువు వాళ్ల చేత ఎలాంటి ప్రశ్న అడిగిస్తోంది, ఆ ప్రశ్నకి డేటా ఎక్కణ్నుంచి తెప్పిస్తోంది అన్నది. గైడ్ విషయంలో నేను నమ్మేది ఈ ఒక్కటే, మిగతాదంతా దీని చుట్టూనే చెప్తాను.

మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న పాత కథ ఒకటుంది. అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చినప్పుడు కొందరు రైతులు వెంటనే వేశారు, కొందరు పదేళ్లు ఆగారు. రయన్, గ్రాస్ అనే ఇద్దరు గ్రామీణ సోషియాలజీవాళ్లు అయోవా రాష్ట్రంలో రైతుల్ని కూర్చోబెట్టి అడిగి 1943లో తేల్చిందేమిటంటే, విత్తనం సంగతి మొదట సేల్స్‌మన్ చెప్పినా రైతు మనసు మార్చింది మాత్రం పక్క పొలం రైతు. 1957లో జ్వీ గ్రిలికిస్ అనే ఎకనామిస్టు అదే మొక్కజొన్నని తీసుకుని, ప్రాంతాలవారీ లెక్కలకి వంపుగీతలు గీసి, ఎక్కడ లాభం ఎక్కువో అక్కడ వేగంగా పాకింది అని రాశారు. ఒకే విత్తనం, ఒకే దేశం, రెండు జవాబులు. తర్వాత ఈ రెండు వర్గాల మధ్య చాలాకాలం వాదం నడిచింది కూడా. రోజర్స్ కథ ఇంకా దగ్గరిది, వాళ్ల నాన్నగారే ఆ హైబ్రిడ్ విత్తనం వద్దని ఏళ్లపాటు భీష్మించుకున్నారట, 1936 కరువులో పక్కవాళ్ల చేలు నిలబడి తమ చేను వాడిపోయాకే ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో పెరిగిన మనిషి "కొత్తది ఎందుకు ఆలస్యంగా పాకుతుంది" అన్న ప్రశ్న మీద బతుకంతా గడపడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. మాది గుంటూరు వైపు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక విత్తనాల కొట్టు దగ్గర, రచ్చబండ దగ్గర సరిగ్గా ఇదే చర్చ విన్నాను. లాభం లెక్క వేసేవాడూ ఉన్నాడు, "ఫలానా ఆయన వేశాడా?" అని అడిగేవాడూ ఉన్నాడు.

ఇప్పుడు మీ టూల్ సంగతిని ఒక్కో రకం ప్రొఫెసరు ముందు పెట్టి చూద్దాం.

ఎకనామిక్స్ నుంచి వచ్చినవాళ్లు మిమ్మల్ని మొదట అడిగేది, మారడానికి ఖర్చెంత, ఎవరికి లాభం, దానికి నా దగ్గర ఎన్నేళ్ల అంకెలున్నాయి అని. వీళ్ల పేపర్లలో పేటెంట్ డేటా, మన కంపెనీల ఆర్థిక లెక్కలుండే సీఎంఐఈ వారి ప్రోవెస్ డేటాబేస్, రిగ్రెషన్ పట్టికలు కనిపిస్తాయి. పరిశోధన ఆసక్తుల్లో ఆర్ అండ్ డీ ఖర్చు, టెక్నాలజీ బదిలీ, మేధోసంపత్తి, విదేశీ పెట్టుబడి వల్ల ఇక్కడి కంపెనీలు ఏం నేర్చుకున్నాయి లాంటివి ఉంటాయి. డేవిడ్ టీస్ 1986లో అడిగిన ప్రశ్న ఈ వర్గానికి మంచి మచ్చుతునక. సీటీ స్కానర్‌ని మార్కెట్లోకి మొదట తెచ్చింది ఈఎంఐ అనే బ్రిటిష్ కంపెనీ, చివరికి ఆ వ్యాపారం వేరేవాళ్లది అయిపోయింది, కనిపెట్టినవాడికి కాకుండా ఇంకొకరికి డబ్బు ఎందుకు పోతుంది అని. ఇలాంటి ప్రశ్న చదవగానే మీకు ఊపు వస్తే, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక అంకెల మీద గణాంక పద్ధతులు) నేర్చుకోవడానికి ఏడాది కేటాయించగలిగితే, వీళ్ల దగ్గర మీరు గట్టిగా తయారవుతారు. కంపెనీ లోపల ఏం జరుగుతుందో చూడాలని ఉంటే మాత్రం కొంత ఉక్కపోతగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల డేటాలో కంపెనీ ఒక వరుస మాత్రమే, మనుషులు కనిపించరు.

మెకానికల్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లే మన దగ్గర ఎక్కువ. వీళ్లలో రెండు దారులున్నాయి, పేజీలో పైకి ఒకేలా కనిపిస్తాయి, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఒక దారి ఆపరేషన్స్ రీసెర్చ్ వైపు, అంటే ఏహెచ్‌పీ, టాప్సిస్, ఫజ్జీ పద్ధతులు, డేటా ఎన్వలప్‌మెంట్ లాంటి, ప్రత్యామ్నాయాల్ని లెక్కగట్టి పోల్చే పద్ధతులు. పది మంది నిపుణుల అభిప్రాయం తీసుకుని అడ్డంకుల్ని, సప్లయర్లని, టెక్నాలజీలని ర్యాంకుల వారీగా పేర్చడం ఇక్కడ మామూలు పని. మీ ప్రశ్న వీళ్ల చేతికి వస్తే "కొత్త టూల్ స్వీకరణకి ఉన్న అడ్డంకులు, వాటి ర్యాంకింగ్" అయిపోతుంది. పేపర్లు త్వరగా వస్తాయి, అది అబద్ధం కాదు, కానీ ఎందుకు అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది అని నా అభిప్రాయం. రెండో దారి, యంత్రాన్నీ ఉత్పత్తినీ దగ్గరగా చూసి సంస్థని అర్థం చేసుకునేది. హెండర్సన్, కిమ్ క్లార్క్ 1990లో చేసినది అదే. చిప్పుల తయారీలో వాడే ఫోటోలితోగ్రఫీ అలైన్‌మెంట్ యంత్రాల్లో తరం మారినప్పుడల్లా అంతకుముందు ముందున్న కంపెనీ ఎందుకు వెనకబడింది అని చూశారు. విడిభాగాల పరిజ్ఞానం వాళ్లకి లేక కాదు, ఆ భాగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు మారిందని వాళ్ల టీముల అమరికకి తట్టలేదు. ఆ యంత్రం లోపల ఏముందో తెలిసినవాళ్లే అడగగల ప్రశ్న ఇది. ఈ దారిలో ఉన్న గైడ్ దొరికితే ఇంజినీరుగా మీ ఏడేళ్ల అనుభవం వృథా పోదు.

మూడో రకం ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వాళ్లు. ఫ్రెడ్ డేవిస్ 1989 నాటి టెక్నాలజీ ఆక్సెప్టెన్స్ మోడల్ అంటే, ఉపయోగం ఉందనిపించడం, వాడటం తేలిక అనిపించడం, ఈ రెండిటి మీద నడిచే మోడల్, వీళ్లకి పెద్దబాలశిక్ష లాంటిది. ప్రశ్నావళి తయారుచేసి మూడు నాలుగు వందల మందికి పంపి, స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్ చేస్తారు, అంటే ఆ జవాబుల్లో ఏది దేనితో ముడిపడిందో గణాంకాలతో తేలుస్తారు. పైపైన చూస్తే మీ ప్రశ్నకి అతికినట్టు ఉండేది ఇదే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ మోడల్ ఒక మనిషి గురించి చెప్తుంది, మీరు అడుగుతున్నది టీము గురించి. ఆ తేడాని మీరు చెప్పగానే పట్టుకుని "అయితే ఏం చేద్దాం" అనేవాళ్లైతే వెంటనే చేరండి.

సోషియాలజీ, సైకాలజీ, సంస్థాగత ప్రవర్తన నుంచి వచ్చినవాళ్లు టీములతో కూర్చుని చూడమంటారు, పని నెమ్మది, రాత ఎక్కువ. ఎంఐటీలో థామస్ ఆలెన్ ఇంజినీర్ల మధ్య మాటలు దూరం పెరిగేకొద్దీ ఎంత వేగంగా తగ్గిపోతాయో కొలిచారు, కొన్ని పదుల మీటర్లు దాటితే దాదాపు మాట్లాడుకోరు. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డులో ఒక టవర్‌లో సగం టీము, ఇంటి నుంచి సగం టీము పనిచేస్తున్న రోజుల్లో ఆ పని మళ్లీ చేయాల్సిందే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీ ప్రశ్నకి నా మొగ్గు ఇటువైపే. దీనికి తోడు కోహెన్, లెవింథాల్ 1990లో చెప్పిన సంగతి చదవండి. కొత్తదాన్ని గుర్తుపట్టి వాడుకునే శక్తి, అప్పటికే ఆ సంస్థలో ఉన్న పరిజ్ఞానం మీద ఆధారపడుతుంది అని. కొన్ని టీములు ఎందుకు వెనకబడతాయో దానికి సగం జవాబు అక్కడ దొరకొచ్చు.

ఇక నా సొంత అనుభవం చెప్పాలి, ఇది మీకు పనికొస్తుంది. నేను మొదటి గైడ్‌ని ఎంచుకున్నది ఆయన కూడా మెకానికల్ కాబట్టి. పేజీలో పదకొండు పరిశోధన ఆసక్తులు ఉన్నాయి, మొదటిదే చిన్న పరిశ్రమల్లో కొత్త ఉత్పత్తుల తయారీ. పీణ్యలో పద్నాలుగు వర్క్‌షాపులు తిరిగి రాసుకున్న నోట్సు పట్టుకుని సంబరంగా వెళ్లాను. ఆయన మంచి మనిషే, కానీ అంతకుముందు ఆరేళ్లుగా వచ్చిన పేపర్లన్నీ సప్లయర్ల ర్యాంకింగ్ మీదే, ఆ జాబితా పదేళ్ల కిందట రాసి మార్చకుండా వదిలేసినది. నేను చూసుకోలేదు. నా నోట్సు ఆ పద్ధతిలో ఇమడలేదు, డాక్టరల్ కమిటీ నా ప్రపోజల్‌ని రెండుసార్లు వెనక్కి పంపింది. ఏడాదిన్నర పోయింది. ఇంట్లో చిన్నపిల్ల, జీతం లేదు, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తర్వాత గైడ్‌ని మార్చుకున్నాను. ఆవిడ ఎకనామిక్స్ మనిషి, లేత్ మెషీన్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదు. నోట్సు మొత్తం చదివి ఒకటే అడిగారు: "ఈ కొత్త ఫిక్స్చర్లు (మెషీన్ మీద వస్తువుని కదలకుండా పట్టి ఉంచే అమరికలు) మొదట ఎవరి బుర్రలో పుట్టాయి, ఓనరా, కస్టమరా, మెషీన్ దగ్గర నిలబడ్డ ఆపరేటరా?" నా థీసిస్ అక్కణ్నుంచే మొదలైంది. వాన్ హిప్పెల్ 1976లో శాస్త్రీయ పరికరాల మీద అదే ప్రశ్న వేసి, ముఖ్యమైన మెరుగుదలల్లో 80 శాతం వరకు వాడేవాళ్లే మొదట చేశారని చూపించారని అప్పుడే తెలిసింది. నాకు దొరికిన మంచి గైడ్, నా చదువుతో ఏ పోలికా లేని మనిషి.

అందుకే ఆసక్తుల జాబితాని ముందు చదవకండి. గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టి, తేదీ వరుసలో పెట్టి, గత ఐదేళ్ల పేపర్లలో ఒక నాలుగింటి పద్ధతి భాగం చదవండి, డేటా ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడ ఉంటుంది. తర్వాత శోధగంగలోకి వెళ్లండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు గైడ్ పేరుతో సహా దొరుకుతాయి. ఆ గైడ్ దగ్గర పూర్తయిన మూడు థీసిస్‌లు తెరిచి విషయసూచిక, మూడో అధ్యాయం (పద్ధతి గురించి సాధారణంగా ఉండేది అక్కడే) చూడండి. మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటే మీదీ అలాగే అవుతుంది. వేర్వేరు ప్రశ్నలు, వేర్వేరు పద్ధతులు కనిపిస్తే ఆ మనిషి విద్యార్థి ప్రశ్నని గౌరవిస్తారని అర్థం. థీసిస్ మొదట్లో ఉండే కృతజ్ఞతల పేజీ కూడా చదవండి, ఎన్నేళ్లు పట్టిందో, గైడ్ ఎంత దగ్గరగా ఉన్నారో అక్కడ బయటపడుతుంది.

జర్నళ్ల పేర్లు కూడా దారి చెప్తాయి. రీసెర్చ్ పాలసీలో రాసేవాళ్లు ఎక్కువగా పాలసీ, ఎకనామిక్స్ వైపు, ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్‌లో రాసేవాళ్లు ఇంజినీరింగ్ వైపు అని స్థూలంగా అనుకోవచ్చు. టెక్నోవేషన్‌లో రెండూ కలుస్తాయి.

డిగ్రీల దగ్గర కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. కొందరి పేరు పక్కన పీహెచ్‌డీ అని ఉండదు, "ఫెలో, ఐఐఎం అహ్మదాబాద్" అనో "ఫెలో, నైటీ" అనో ఉంటుంది. ఐఐఎంలకి డిగ్రీలు ఇచ్చే అధికారం 2017 చట్టంతో వచ్చింది, అంతకుముందు డాక్టరేట్ స్థాయి చదువుకి ఫెలో అనే బిరుదే ఇచ్చేవాళ్లు. ముంబైలోని నైటీ (NITIE) అనే సంస్థ 2023లో ఐఐఎం ముంబై అయింది, దాని ఫెలోలూ అంతే. కాబట్టి పీహెచ్‌డీ లేదని పక్కన పెట్టేయకండి. అలాగే పదిహేనేళ్లు పరిశ్రమలో చేసి ఆలస్యంగా డాక్టరేట్ తీసుకున్నవాళ్ల పేపర్ల సంఖ్య తక్కువగా ఉంటుంది, కానీ వాళ్ల ఒక్క ఫోన్ కాల్‌తో మీకు ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకోవచ్చు. డేటా దొరకక ఆగిపోయిన పీహెచ్‌డీలు నేను చాలా చూశాను, ఆ ఫోన్ కాల్ విలువ తక్కువేమీ కాదు.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. బెంగళూరులో హెచ్‌ఏఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు, పీణ్య చిన్న పరిశ్రమలు, 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన విదేశీ కంపెనీల ఆర్ అండ్ డీ కేంద్రాలు ఉన్నాయి, ఇక్కడి ఫ్యాకల్టీ ప్రశ్నలు చాలావరకు వాటి చుట్టూ తిరుగుతాయి. ఐఐఎస్‌సీ లోపల మేనేజ్‌మెంట్ స్టడీస్ విభాగం ఒకటి ఉందని చాలామంది సాఫ్ట్‌వేర్‌వాళ్లకి తెలియదు, తప్పకుండా చూడండి. ఎలక్ట్రానిక్ సిటీలోని ట్రిపుల్ ఐటీ బెంగళూరులో ఐటీ, సమాజం మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, మీ ప్రశ్న అక్కడ కూడా నప్పొచ్చు. చెన్నైలో అయితే కార్లు, విడిభాగాల పరిశ్రమ, అంబత్తూరు ఎస్టేట్, ఐఐటీ మద్రాస్ పక్కనే రీసెర్చ్ పార్కు ఉన్నాయి. సప్లయర్ల సామర్థ్యం, యూనివర్సిటీ నుంచి పరిశ్రమకి టెక్నాలజీ వెళ్లడం, స్టార్టప్‌లు అక్కడ సహజంగా వచ్చే అంశాలు. ఉద్యోగం వదలకుండా చేయాలనుకుంటే ఐఐఎస్‌సీలోనూ ఐఐటీ మద్రాస్‌లోనూ బయటి సంస్థల ఉద్యోగులకి ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ దారి ఉంది, అర్హతలు జాగ్రత్తగా చదువుకోండి.

ఇంకో ఆచరణాత్మక విషయం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి ఒకేసారి గైడ్‌గా ఉండకూడదు, రిటైర్మెంటుకి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. ఐఐటీలు, ఐఐఎంలు తమ సొంత నియమాలతో నడుస్తాయి. కాబట్టి ఖాళీ ఉందా అని మెయిల్‌లోనే మర్యాదగా అడిగేయండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఆ మెయిల్‌లో "మీ పరిశోధనలు నాకు ఎంతో స్ఫూర్తి" అని మొదలుపెట్టకండి. వాళ్ల పేపరు ఒకటి చదివి, అందులో టీముల స్థాయిలో చూస్తే ఈ ఫలితం ఇలాగే వస్తుందా అని ఒక ప్రశ్న అడగండి, తర్వాత మీ కంపెనీలో చూసిన ఒకే ఒక్క సంఘటన ఐదు వాక్యాల్లో రాయండి, ఏ టూల్, ఏ రెండు టీములు, ఎన్ని నెలల తేడా. రెజ్యూమె జత చేస్తే చాలు. ముగ్గురికి మించి పంపకండి, ప్రతి మెయిల్ వేరుగా రాయండి.

చివరిగా, మీ కంపెనీ లాగ్స్, అంటే ఎవరు ఏ టూల్ ఎప్పుడు వాడారో సిస్టమ్‌లో నమోదయ్యే రికార్డులు, డేటాగా వాడుకోవాలనే ఉద్దేశం ఉన్నట్టు మీ ప్రశ్న చదివితే అనిపించింది. మేనేజర్ నోటిమాట సరిపోదు. లీగల్ నుంచి రాతపూర్వక అనుమతి, పేర్లు తీసేసిన డేటాతో పేపర్లు వేసుకోవచ్చన్న వాక్యం, మీరు ఉద్యోగం మారినా అది చెల్లుతుందన్న వాక్యం, ఈ మూడూ ఉన్న కాగితం చేతికి వచ్చాకే గైడ్‌తో ఆ డేటా ప్రస్తావన తీసుకురండి. అది రాదని తేలితే ఇప్పుడే వేరే కంపెనీల టీముల్ని ఇంటర్వ్యూ చేసే పద్ధతికి మారిపోండి, ఎందుకంటే అప్పుడు మీకు కావాల్సిన గైడ్ కూడా మారతారు.